గనిలో మీథేన్: పూస సెన్సారా, లేజర్ ఫైబరా?

బొగ్గుగని గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. మీథేన్‌ను పసిగట్టే పాత సాధనం ఉత్ప్రేరక పూస, అంటే వాయువు తేలిగ్గా మండేలా చేసే పదార్థం పూసిన చిన్న పూస. వేడెక్కిన పూస మీద వాయువు మండితే లోపలి ప్లాటినం తీగ విద్యుత్ నిరోధం పెరుగుతుంది; ఎంత పెరిగిందో చూసి మీథేన్ మోతాదు చెబుతారు. చవక, చిన్నది. కానీ సిలికోన్ ఆవిరి తగిలితే చచ్చుబడుతుంది. అయినా ఏమీ ఎరగనట్టు సున్నా చూపిస్తూనే ఉంటుంది. అసలు భయం అక్కడే.

లేజర్ పద్ధతిలో 1.65 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి కాంతిని ఫైబర్ (కాంతిని మోసే సన్నని గాజు తీగ) గుండా పంపుతారు. దాన్ని మీథేన్ పీల్చుకుంటుంది. ఎంత తగ్గిందో చూసి మోతాదు లెక్కకడతారు. కొలిచే చోట కరెంటు అవసరమే లేదు. కాంతి బొత్తిగా తిరిగి రాకపోతే లోపం వెంటనే బయటపడుతుంది. ధర ఎక్కువే, దుమ్ము బెడదా ఉంది. స్థిరంగా బిగించాలంటే నా ఓటు ఫైబర్‌కే. వెంట తీసుకుని తిరగడానికి పూసే నయం.