ఎంపీడీకి లోకల్ సాకెట్: చాలాకాలం వాడాక తేలిన సంగతులు

మ్యూజిక్ ప్లేయర్ డీమన్ (ఎంపీడీ, వెనకాల నడుస్తూ పాటలు మోగించే సర్వర్), దాన్ని నడిపించే క్లయింటు ప్రోగ్రామ్ ఒకే మెషీన్‌లో ఉన్నప్పుడు నెట్‌వర్క్ (టీసీపీ) దారిలోని 6600 పోర్టుతో పనిలేదు, ఫైలు రూపంలో ఉండే యూనిక్స్ సాకెట్ చాలు. ఎంపీసీ, ఎన్‌సీఎంపీసీపీపీ అనే క్లయింట్లు రెండూ దీనిమీద ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తాయి. వేగం పెరుగుతుందని మాత్రం ఆశపడొద్దు, చెవికి ఏ తేడా తెలియదు.

అసలు లాభం వేరు. సాకెట్ మీద వచ్చిన క్లయింటు ఏ యూజరో ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నెలే సర్వర్‌కి చెబుతుంది. అందుకే మ్యూజిక్ డైరెక్టరీలో లేని పాటను, డౌన్‌లోడ్స్‌లో పడి ఉన్నదాన్ని సైతం, పూర్తి పాత్ ఇచ్చి క్యూలో వేయొచ్చు. టీసీపీ మీద అదే అడిగితే ఒప్పుకోదు. ఎంపీడీ మీ యూజర్ కిందే నడుస్తుంటే ఇంకే షరతూ లేదు. వేరే యూజర్ కింద నడుస్తుంటే ఆ ఫైలు మీదైనా కావాలి, అందరూ చదవగలిగేదైనా కావాలి. పైగా హోమ్ డైరెక్టరీ పర్మిషన్ 700లో (ఓనర్‌కి మాత్రమే) ఉంటే ఎంపీడీ లోపలికే రాలేదు.

సెటప్ ఒక్క లైను: ఎంపీడీ కాన్ఫిగ్ ఫైల్లో బైండ్_టు_అడ్రస్‌కి సాకెట్ పాత్ ఇవ్వడం. ఇక్కడ ~ (హోమ్ డైరెక్టరీకి పొట్టి గుర్తు) పనిచేస్తుంది. కానీ ఈ ఒక్క లైనే ఉంటే టీసీపీ ఆగిపోయి ఫోన్‌లోని క్లయింటు మూగబోతుంది. ఫోన్ కూడా కావాలంటే అదే పేరుతో రెండో లైను రాసి ఐపీ ఇవ్వాలి.

క్లయింటు వైపు ఎంపీడీ_హోస్ట్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో అదే పాత్ పెట్టాలి. ఇక్కడ ~ని కొటేషన్లలో పెడితే షెల్ (టెర్మినల్‌లో కమాండ్లు చదివేది) దాన్ని పూర్తి పాత్‌గా విప్పదు. విలువ స్లాష్‌తో మొదలవలేదు కాబట్టి క్లయింటు దాన్ని హోస్ట్ (మెషీన్) పేరనుకుని, పేర్లకి అడ్రస్‌లు చెప్పే డీఎన్ఎస్‌లో వెతుకుతుంది. పూర్తి పాత్ రాయడమే నయం. వేరియబుల్ అసలు పెట్టకపోతే ఇంకో తిరకాసు: హోమ్‌లో పెట్టుకున్న సాకెట్ జాడ తెలియక క్లయింటు లోకల్‌హోస్ట్ 6600కి పోతుంది. టీసీపీ కూడా తెరిచి ఉంటే పాటలు మామూలుగానే మోగుతాయి, బయటి ఫైలు వేయబోయినప్పుడే గుట్టు బయటపడుతుంది.

ఎక్కువ విసిగించేది సిస్టమ్‌డీ, అంటే లినక్స్‌లో సర్వీసుల్ని మొదలుపెట్టి చూసుకునేది. దాని ఎంపీడీ సాకెట్ యూనిట్ (సాకెట్ ఎక్కడ తెరవాలో చెప్పే ఫైలు) ఆన్‌లో ఉంటే సాకెట్ తెరిచేది సిస్టమ్‌డీయే. అప్పుడు కాన్ఫిగ్‌లోని బైండ్_టు_అడ్రస్ లైన్లను ఎంపీడీ పట్టించుకోదు. ఎన్నిసార్లు మార్చి రీస్టార్ట్ చేసినా ఫలితం ఉండదు. సాకెట్ యూనిట్‌ని డిజేబుల్ చేసి సర్వీస్‌ని ఎనేబుల్ చేయాలి, లేదా యూనిట్‌కే ఓవర్‌రైడ్ (దాని సెట్టింగులు మార్చే ఫైలు) రాయాలి. ఓవర్‌రైడ్‌లో ముందు ఖాళీ లిజన్‌స్ట్రీమ్ (వినాల్సిన అడ్రస్ చెప్పే) లైను పెట్టకపోతే పాత అడ్రస్‌లు అలాగే ఉండి కొత్తది వాటికి తోడవుతుంది.

తప్పు ఎక్కడుందో ఎర్రర్‌ని బట్టే చెప్పొచ్చు. ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అంటే ఫైలు మిగిలింది, వినే ప్రాసెస్ లేదు. ‘పర్మిషన్ డినైడ్’ అంటే సాధారణంగా పైన ఉన్న డైరెక్టరీదే తప్పు. ఎంపీడీ తన సాకెట్‌ని 0666 పర్మిషన్‌తో అందరికీ తెరిచే పెడుతుంది. కట్టడి కావాలన్నా డైరెక్టరీ మీదే పెట్టాలి, ఫైలు మీద చేత్తో మార్చినది రీస్టార్ట్‌తో పోతుంది. రీబూట్ తర్వాత ‘నో సచ్ ఫైల్’ వస్తే పాత్ రన్ (/run) డైరెక్టరీలో ఉందేమో చూడండి. అది ర్యామ్‌లో ఉండేది కాబట్టి లోపలి ఫోల్డర్ ప్రతి బూట్‌కీ పోతుంది. సర్వీస్ ఫైల్లో రన్‌టైమ్‌డైరెక్టరీ లైను పెడితే సరి.

క్లయింటుని కంటైనర్‌లో (డాకర్ లాంటి విడి వాతావరణంలో) నడిపేవాళ్లు సాకెట్ ఫైలుని కాక దాని డైరెక్టరీని మౌంట్ చేయాలి. ఎంపీడీ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ పాత ఫైలు తీసేసి కొత్తది పెడుతుంది, కంటైనర్ మాత్రం పాతదాన్నే పట్టుకుని కూర్చుంటుంది.