పాత తెరచాప కొంటున్నారా? డబ్బు ఇచ్చే ముందు మాస్ట్ మీది అంకె చూడండి

శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో విండ్ సర్ఫింగ్ (తెరచాప కట్టిన బోర్డు మీద నిలబడి నీళ్ల మీద సాగే ఆట) నేర్చుకుని, ఇక సొంత సామాను కొనుక్కుందామనుకునే తెలుగువారి కోసం ఇది రాస్తున్నాను. ఈ బేరంలో నాకు 350 డాలర్లు పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచితే, నీళ్లలో చాలా భయపడ్డాను.

ఒక వ్యక్తి దగ్గర 5.5 చదరపు మీటర్ల పాత తెరచాప, మాస్ట్ (దాన్ని నిలబెట్టే స్తంభం), బూమ్ (చేతులతో పట్టుకునే అడ్డకడ్డీ) కలిపి కొన్నాను. "ఏ గాలికైనా ఇది చాలు. గాలి పెరిగితే బూమ్ చివరి తాడు బిగించండి, అంతే" అన్నాడు. తెరచాప చుట్టే ఉంది, విప్పి చూపించమని నేను అడగలేదు.

వేసవిలో ఇక్కడి గాలి సంగతి మీకు తెలుసు. లోపలి లోయ వేడెక్కేకొద్దీ సముద్రపు గాలి గోల్డెన్ గేట్ గుండా లోపలికి దూసుకొస్తుంది. మధ్యాహ్నం హాయిగా ఉన్న గాలి సాయంత్రానికి ఉగ్రరూపం దాలుస్తుంది. అంటే ఒకే తెరచాపను ఒకే పూటలో రెండు రకాలుగా సర్దుకోవాలి. నాది సర్దుబాటుకు లొంగలేదు. ఫాస్టర్ సిటీ దగ్గర గాలి గంటకు 35 కిలోమీటర్లు దాటగానే అమ్మినవాడు చెప్పినట్టే బూమ్ చివరి తాడు బిగించాను. తెరచాప పొట్ట తగ్గింది కానీ పైభాగం పలకలా బిగుసుకునే ఉంది. ఉధృతంగా వచ్చిన ప్రతి గాలీ నా వెనక చేతిని లాగేసింది. చివరికి ముందుకు ఎగిరి తెరచాప మీదే పడ్డాను. పారదర్శకంగా ఉండే ఆ పొర, అంటే మోనోఫిల్మ్, అడ్డంగా చీలిపోయింది. బోర్డు పట్టుకుని ఈదుతూ గాలివాలున చాలా దూరం కొట్టుకుపోయి, ఒడ్డు రాళ్ల దగ్గర తేలాను.

అసలు తప్పు ఎక్కడుందో ఒడ్డున ఒక పెద్దాయన చూపించారు. తెరచాప కింది మూలన ముద్రించిన వివరాలు చదవమన్నారు: లఫ్ (తెరచాప ముందు అంచు పొడవు) 432 సెంటీమీటర్లు, మాస్ట్ 430 సెంటీమీటర్లు, ఐఎంసీఎస్ 21. నాకు అంటగట్టిన మాస్ట్ 460, ఐఎంసీఎస్ 25. ఐఎంసీఎస్ మాస్ట్ బిరుసుతనాన్ని చెప్పే అంకె. ఆయన తన 430 మాస్ట్ తెచ్చి, అడుగున 2 సెంటీమీటర్ల ఎక్స్‌టెన్షన్, అంటే పొడవు పెంచే ముక్క, పెట్టి, చీలిన తెరచాపనే గడ్డి మీద కట్టారు. డౌన్‌హాల్, అంటే తెరచాపను మాస్ట్ అడుగుకు లాగి కట్టే తాడు, లాగగానే మాస్ట్ చక్కగా వంగింది, వెనక అంచు పైభాగం వదులై అల్లల్లాడింది. ఆ వదులు లోంచే ఎక్కువైన గాలి జారిపోతుంది. నా బిరుసు మాస్ట్ మీద ఎంత లాగినా అది రాలేదు.

కాబట్టి గాలి పెరిగితే ముందు బిగించాల్సింది డౌన్‌హాల్. ఒకటి రెండు సెంటీమీటర్లు చాలు, తేడా తెలిసిపోతుంది. ఆ తర్వాతే అవుట్‌హాల్, అంటే బూమ్ చివరి తాడు. గాలి మందగిస్తే రెండూ కొద్దిగా వదలాలి. అప్పుడు పొట్ట నిండి తెరచాప లాగుతుంది. డౌన్‌హాల్ పని అవుట్‌హాల్‌తో జరగదు. అమ్మేవాడు జరుగుతుందంటే నమ్మకండి.

కొనేటప్పుడు పూర్తిగా కట్టి చూపించమని అడగండి, డౌన్‌హాల్ మీ చేత్తోనే లాగి చూడండి. మోనోఫిల్మ్‌ను వెలుతురుకు ఎత్తిపట్టండి. పాలరంగు తిరిగి, వంచితే చిటపటలాడితే అది ఎండకు పెళుసెక్కినట్టే. నాది అలాంటిదే. మాస్ట్‌కు బూమ్ బిగించే చోట పగుళ్లున్నాయేమో వేలితో తడిమి చూడండి. బ్యాటెన్లు, అంటే తెరచాపకు ఆకారమిచ్చే సన్నని కడ్డీలు, విరిగితే మార్చుకోవచ్చు, వాటికోసం బేరం వదులుకోనక్కర్లేదు.

అమ్మిన వ్యక్తికి ఫోను చేస్తే "పాత సామానుకు హామీ ఉండదు" అని పెట్టేశాడు. ఆ 460 మాస్ట్ నా దగ్గరే ఉంది. దానికి సరిపడే పెద్ద తెరచాప ఉన్నవారికి తప్ప ఎవరికీ అమ్మను. శనివారాలు ఫాస్టర్ సిటీ ఒడ్డునే ఉంటాను. మీరు కొనబోయే సామాను అక్కడికి తెప్పించుకోగలిగితే, కట్టి చూసేందుకు నేనూ వస్తాను.