ఓల్డ్ గోవా బామ్ జీసస్ బసిలికా: తప్పకుండా వెళ్లండి, గైడ్‌ని మాత్రం చూసి పెట్టుకోండి

గోవా వెళ్తే ఒక పొద్దున దీనికి కేటాయించండి ప్లీజ్. పణజి నుంచి పది కిలోమీటర్లే, ఎంట్రీ ఫ్రీ. మాది కథోలిక కుటుంబం, చుట్టాల్లో శౌరయ్యలు, శౌరమ్మలు బోలెడుమంది, అమ్మకి పునీత ఫ్రాన్సిస్ శౌరి (సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్, పదహారో శతాబ్దపు మిషనరీ) శరీరం ఉన్న పేటిక చూడాలని ఎప్పట్నుంచో కోరిక, అందుకే తీసుకెళ్లా.

లోపల కుడిపక్కన చాపెల్‌లో ఉంటుంది. కింద పాలరాతి సమాధి కట్టడం, ఇటలీలో టస్కనీ పాలకుడు మూడో కోసిమో పంపించింది, 1698లో ఇక్కడ నిలబెట్టారు. శౌరి గారి తల కింద ఉన్న దిండు తనకి దక్కినందుకు కృతజ్ఞతగా పంపాడంటారు. ఆ రోజుల్లో పునీతుల ఒంటికి తగిలిన గుడ్డముక్క కూడా అవశేషమే (పవిత్రంగా దాచుకునే గుర్తు) మరి, జబ్బు మనిషి మీద పెట్టి ప్రార్థించేవాళ్లు.

దాని మీద, బాగా ఎత్తులో, వెండి పేటిక. మా గైడ్ ఒకామె ముద్దుపెట్టుకునే వంకతో కాలివేలు కొరికేసిన కథ చెప్పాడు, శరీరం కుళ్లలేదన్నాడు, అంతే, పదండి షాపుకి అన్నాడు, నాకు చాలా బాధేసింది ఎందుకంటే అసలు చెప్పాల్సింది ఆ పేటిక ఎందుకు వచ్చిందనేది. 1633 డిసెంబర్‌లో నేపుల్స్‌లో మాస్త్రిల్లి అనే జెస్విట్ (యేసు సభ) ఫాదర్ తల మీద పైనుంచి సుత్తి పడింది, ఇక బతకడనుకున్నారు, జనవరిలో శౌరి గారు కనిపించారని, దగ్గరున్న అవశేషాన్ని గాయానికి తాకించుకుంటే లేచి కూర్చున్నానని ఆయనే చెప్పుకున్నాడు. మార్చిలో మనం చేసే నవదిన ప్రార్థనలు ఆ స్వస్థత నుంచి వచ్చినవే. మొక్కుకున్నట్టే జపాన్‌కి బయల్దేరి దారిలో గోవా వచ్చి సమాధి దర్శించుకున్నాడు, ఆయన పూనికతోనే 1636-37లో గోవా కంసాలులు ఈ పేటిక చేశారు. అదే 1637లో నాగసాకిలో ఆయన్ని చంపేశారు. ఇది తెలిసి పైకి చూస్తే వేరేలా ఉంటుంది, ఆ వెండి రేకుల మీద రోగుల్ని బాగుచేసే బొమ్మలూ ఉన్నాయి. కంటిచూపు తగ్గిన పెద్దవాళ్లుంటే చిన్న బైనాక్యులర్ పట్టుకెళ్లండి.

శౌరి గారి కుడి చెయ్యి ఇక్కడ లేదు, 1614లో మోచేతి దగ్గర తీసి రోమ్ పంపారు, జెసు చర్చిలో ఉంది. పేటికని కిందికి దించేది పదేళ్లకోసారే, మొన్న 2024 నవంబర్ 21 నుంచి 2025 జనవరి 5 దాకా జరిగింది.

బయట కొవ్వొత్తులమ్మే ఆడవాళ్ల దగ్గర మైనంతో చేసిన చేతులు, కాళ్లు, తలలు, పసిబిడ్డ బొమ్మలు ఉంటాయి, ఒంట్లో ఎక్కడ నొప్పో ఆ బొమ్మ కొని సమర్పించాలి. మనవైపు గుళ్లలో వెండి కళ్లు ఇస్తారే, అలాగే. అమ్మ ఒక కాలు తీసుకుంది, లేత పసుపు మైనం, లోపల డొల్ల, కాలివేళ్ల గోళ్లు కూడా గీసి ఉన్నాయి. మోకాలి నొప్పి తగ్గిందా అంటే మందులు వాడుతూనే ఉంది, కానీ అక్కడ పెట్టి ప్రార్థించి వచ్చాక అమ్మ మొహంలో కనిపించిన నెమ్మది ఏ హాస్పిటల్లోనూ నేను చూడలేదు, నాలుగువందల ఏళ్ల కిందట అవశేషాల దగ్గరికి మనుషులు ఎందుకు నడిచొచ్చారో నాకు అక్కడే అర్థమైంది.

నా రేటింగ్ 5కి 5, మా గైడ్‌కి 1. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి, డిసెంబర్ 3 పండగ టైంలో రద్దీ విపరీతం, పెద్దవాళ్లతో అయితే మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి.