క్యూషూ వాకింగ్ ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టబోతున్నారా? కాస్త ఆగండి

జపాన్‌లోని క్యూషూ దీవిలో ఉన్‌జెన్, షిమాబరా, అసో, కుజూ, కురొకవా కలిపి "సెల్ఫ్ గైడెడ్ వాల్కనో వాక్" అని ఒక ప్యాకేజీ మన తెలుగు ట్రావెల్ గ్రూపులన్నిటిలో తిరుగుతోంది కదా, దాని గురించే ఈ పోస్టు. సంస్థ పేరు రాయను. ఆ బ్రోషర్ చూసినవాళ్ళకి ఎవరో వెంటనే తెలిసిపోతుంది. జపాన్ నుంచి వచ్చి ఇంకా బ్యాగులు కూడా సర్దుకోలేదు, కోపం చల్లారలేదు. అయినా ఇప్పుడే రాస్తున్నాను, ఎందుకంటే శరదృతువు బ్యాచ్‌కి డబ్బులు వసూలు చేస్తున్నారని నిన్న ఒక మెసేజ్ చూశాను.

ముందు అసలు దగా ఏమిటో చెబుతాను, గైడ్ లేకుండా నడవడానికి వాళ్ళిచ్చిన దారి పుస్తకం (రూట్ బుక్)లో తప్పులు తర్వాత.

కురొకవా ఆన్సెన్ (వేడినీటి బుగ్గల ఊరు)లో ర్యోకాన్ (జపాన్ సంప్రదాయ బస) లో ఒక రాత్రి. వాళ్ళిచ్చిన కాగితంలో "ఒక రాత్రి, రెండు పూటల భోజనం" అని స్పష్టంగా ఉంది. ధర కూడా దానికి తగ్గట్టే తీసుకున్నారు. శాకాహారం అన్న సంగతి బుకింగ్ ఫారంలోనే రాయించుకుని, "మేం చూసుకుంటాం" అని వాట్సాప్‌లో మాట కూడా ఇచ్చారు. కుజూ కొండలు దిగి, బస్సు పట్టుకుని, సాయంత్రానికి ర్యోకాన్ చేరితే, కౌంటర్‌లో ఉన్నావిడ రిజర్వేషన్ కాగితం మా వైపు తిప్పి ఒక గడి మీద వేలు పెట్టి చూపించారు. భోజనాల దగ్గర సున్నా. గది మాత్రమే. పైగా బుక్ చేసింది వాళ్ళు గొప్పగా చెప్పుకున్న "జపాన్ భాగస్వామి" కాదు, ఎవరైనా ఫోన్‌లో చేసుకోగలిగిన మామూలు హోటల్ బుకింగ్ సైటు నుంచి. ధర కూడా ఆ కాగితం మీదే ఉంది. మా దగ్గర తీసుకున్నదానికీ దానికీ పొంతనే లేదు.

ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేశాం. జపాన్‌లో సాయంత్రం ఆరంటే ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర, ఆఫీసు టైమే. ఫోనెత్తిన మనిషి అన్న మాటలు యథాతథంగా రాస్తున్నాను: "మీరు ప్యూర్ వెజ్ అన్నారు కదా సార్, వాళ్ళు వెజ్ పెట్టరు. అందుకే మీల్స్ తీసేశాం." మరి ఆ డబ్బు? "ప్యాకేజీలో ఒక్కో ఐటమ్‌కీ విడిగా రేటు ఉండదు సార్." సరే, ముందుగా ఒక మాట చెప్పాలి కదా? "సెల్ఫ్ గైడెడ్ అని రాసే ఉంది కదా సార్, తిండి కూడా మేమే చూడాలా?" అని ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత పంపిన ప్రతి మెసేజ్‌కీ రెండు నీలం టిక్కులు పడ్డాయి, ఒక్క జవాబూ రాలేదు.

ఇది ఎంత పెద్ద మోసమో కురొకవా తెలిసినవాళ్ళకి అర్థమవుతుంది. అది ఒక చిన్న లోయ. అక్కడి రెస్టారెంట్లు చాలావరకు పగటిపూట వచ్చేవాళ్ళ కోసమే నడుస్తాయి. రాత్రి భోజనం ఎవరి ర్యోకాన్‌లో వాళ్ళు చేస్తారు. వంటవాళ్ళు ఆ రోజు మనుషుల లెక్క చూసుకుని ముందే సరుకు తెప్పించుకుంటారు, ఆరింటికో ఆరున్నరకో వడ్డిస్తారు. సాయంత్రం వచ్చి నిలబడి అన్నం పెట్టమంటే వాళ్ళు మాత్రం ఏం చేయగలరు? తన తప్పు ఇసుమంతైనా లేకపోయినా ఆవిడ పదిసార్లు క్షమాపణ చెప్పి, వంటింట్లోంచి ఉప్పు అద్దిన అన్నం ముద్దలు చేయించి తెచ్చారు. రోజంతా కొండ ఎక్కి దిగినవాళ్ళకి డబ్బు కట్టిన భోజనం లేకుండా చేసింది హైదరాబాద్‌లో కూర్చున్న మనవాళ్ళు.

శాకాహారం కుదరకపోవడం ఎవరి నేరమూ కాదు. జపాన్ వంటలో కూరకీ, పులుసుకీ, సాస్‌కీ ఆధారం దాషి అనే రసం. అది ఎక్కువగా ఎండబెట్టిన బొనీటో చేపతో తీస్తారు. పైకి కూరగాయలే కనిపించినా రసంలో చేప ఉంటుంది. ముందుగా అడిగితే కొన్ని ర్యోకాన్లు కొంబు నాచు, షిటాకె పుట్టగొడుగులతో దాషి చేసి విడిగా వండుతాయి, కొన్ని మర్యాదగా కుదరదని చెప్పేస్తాయి. కుదరదంటే ఇంకో ర్యోకాన్ చూసుకుంటాం, లేదా తినడానికి ఏదో ఒకటి వెంట పెట్టుకుంటాం. అడగనే అడగకుండా, మాకు చెప్పకుండా, భోజనం తీసేసి ఆ సొమ్ము జేబులో వేసుకోవడాన్ని ఏమంటారు?

ఇక రూట్ బుక్. ఇది మర్యాదకి సంబంధించింది కాదు, ప్రాణాలకి సంబంధించింది.

ఉన్‌జెన్ దగ్గర నితా కనుమ నుంచి 1359 మీటర్ల ఫుగెన్‌దాకె ఎక్కే కొత్త దారిలో కొంత భాగం ఒకవైపే నడవాలి. కిజిన్‌దానిగుచి వైపు నుంచి వెళ్ళి శిఖరం దగ్గర తేలాలి. వీళ్ళ పుస్తకంలో దాన్ని తలకిందులుగా రాశారు. ఇరుకైన రాళ్ళ దారిలో ఎదురొచ్చే జనంలోకి మనల్ని తోశారన్నమాట. పక్కనే ఉన్న 1483 మీటర్ల హెయ్‌సెయ్ షిన్‌జాన్ 1990ల విస్ఫోటనంలో పుట్టిన లావా గుమ్మటం. అది ఇప్పటికీ కూలే ప్రమాదం ఉన్నందున దాని మీదికి ఎవరినీ పోనివ్వరు. ఆ నిషేధం గురించి ఒక్క వాక్యం లేదు.

చరిత్ర భాగం ఇంకా అన్యాయం. 1792లో షిమాబరాలో సుమారు 15,000 మంది "లావాలో కాలిపోయారు" అని రాశారు. నిజానికి ఊరి వెనకున్న మయుయామా కొండ ఒక్కసారిగా విరిగి సముద్రంలో పడింది, ఆ దెబ్బకి లేచిన సునామీ అటు షిమాబరానీ, ఇటు ఎదురు ఒడ్డున ఉన్న ఇప్పటి కుమమొతొ తీరాన్నీ ముంచింది. షిమాబరా నుంచి కుమమొతొకి ఫెర్రీలో దాటేది ఆ నీళ్ళనే. తీరానికి దగ్గర్లో చెట్లతో కనిపించే చిన్న చిన్న దీవులు ఆ రోజు విరిగిపడిన కొండ ముక్కలే. ఇది తెలిసి చూస్తే ఆ ప్రయాణమే వేరు. 1991 జూన్ 3న 43 మంది ప్రాణాలు తీసింది కూడా లావా కాదు, కొండ మీంచి దూసుకొచ్చిన వేడి బూడిద, వాయువుల ప్రవాహం. నదిలా నెమ్మదిగా పారే లావా నుంచి తప్పించుకోవచ్చు, దీని నుంచి పరుగెత్తి తప్పించుకోలేం. కొండ మీద నడవబోయేవాళ్ళకి ఈ తేడా చెప్పకపోతే ఇంకేం చెబుతారు?

అసో పేజీ చదువుతుంటే చేతులు వణికాయి. "రోప్‌వేలో క్రేటర్ దగ్గరికి వెళ్ళండి" అని ఉంది. ఆ రోప్‌వే 2016 దెబ్బకి పాడైపోయింది (ఆ ఏప్రిల్‌లో భూకంపాలు, అక్టోబరులో అసోలో క్రేటర్ ఉన్న నకదాకె కొండ విస్ఫోటనం), తర్వాత తీసేశారు. ఇప్పుడు అసోసాన్‌జో టెర్మినల్ నుంచి పైకి బస్సు. అది కూడా దారి తెరిచి ఉన్న రోజే. నకదాకె క్రేటర్ నుంచి సల్ఫర్ డయాక్సైడ్ వస్తూనే ఉంటుంది, గాలి తిరిగితే గంటలో దారి మూసేస్తారు. ఉబ్బసం, శ్వాసకోశ సమస్యలు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు క్రేటర్ దగ్గరికి రాకూడదని అక్కడ బోర్డులు పెట్టారు, మైకుల్లో చెబుతారు. మన పుస్తకంలో ఆ ఊసే లేదు. కుటుంబంలో పెద్దవాళ్ళని తీసుకెళ్ళే ప్యాకేజీ ఇది!

క్రేటర్ మూసిన రోజు ఏం చేయాలన్నది కూడా రాయలేదు. కష్టమేం కాదు. కుసాసెన్‌రి గడ్డిమైదానం క్రేటర్‌కి పడమర దూరంగా ఉంటుంది, దాని పక్కనున్న కిషిమాదాకె ఎక్కి దిగడానికి గంటా గంటన్నర చాలు. కాదంటే ఉత్తరపు అంచున 936 మీటర్ల దైకన్‌బో నుంచి మొత్తం కాల్డెరా (పాత విస్ఫోటనాలకి కుంగి ఏర్పడ్డ పెద్ద గిన్నెలాంటి పల్లం) కనిపిస్తుంది, ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 25 కిలోమీటర్లు, అడ్డంగా 18. అందులో ఊళ్ళు, పొలాలు, రైలు. ఇంత రాయడానికి ఒక్క పేరా చాలు.

కాంట్రాక్టులో "ప్రకృతి కారణాల వల్ల మార్పులకు మా బాధ్యత లేదు" అన్న ఒక్క ముక్క పెట్టి చేతులు దులుపుకున్నారు. జపాన్ వాతావరణ సంస్థ ముఖ్యమైన అగ్నిపర్వతాలకి 1 నుంచి 5 దాకా హెచ్చరిక స్థాయి ప్రకటిస్తుంది. 2 అంటే క్రేటర్ చుట్టుపక్కలకి వెళ్ళకూడదు, అసోలో అది సుమారు ఒక కిలోమీటరు. సునాసెన్‌రి మీదుగా నకదాకె, తకదాకె ఎక్కే దారి ఆ పరిధిలోకి వస్తుంది కాబట్టి ముందు మూతపడేది అదే. 3 అంటే కొండ జోలికే పోకూడదు. 1 అంటే క్షేమం అని మాత్రం అనుకోకండి. 2014 సెప్టెంబరు 27న ఓన్‌తాకె అనే అగ్నిపర్వతం స్థాయి 1లో ఉండగానే పేలింది, 63 మంది చనిపోయారు లేదా ఆచూకీ లేకుండా పోయారు. అప్పటిదాకా 1కి "మామూలు" అని ఉన్న పేరును ఆ తర్వాత "ఇది సజీవ అగ్నిపర్వతమని గుర్తుంచుకోవాలి" అనే అర్థం వచ్చేలా మార్చారు. వీళ్ళ పుస్తకంలో మాత్రం ఇంకా "లెవల్ 1 = సేఫ్".

కుజూలో "మీ లగేజీ ప్రతిరోజూ మీకంటే ముందే చేరుతుంది" అన్నారు. మకినోతొ కనుమ (1330 మీటర్లు) నుంచి కుజూసాన్ (1787) ఎక్కి, కుజూవాకరె, కితాసెన్‌రి మీదుగా బోగత్సురు మైదానంలోకి దిగితే రాత్రి బస హొక్కెయిన్ ఆన్సెన్. అక్కడికి మన వాహనాలు వెళ్ళే రోడ్డే లేదు, నడిచే చేరాలి. అలాంటి చోటికి రోజువారీ లగేజీ ఎలా వస్తుంది? సరైన పద్ధతి ఏమిటంటే, పెద్ద బ్యాగుని తక్యూబిన్ (జపాన్ పార్సిల్ సర్వీసు)లో నేరుగా ఆ తర్వాతి రాత్రి బసకి పంపేసి, ఒక రాత్రికి కావలసినవి వీపు మీద వేసుకోవాలి. చీటీ మీద బుకింగ్ ఎవరి పేరు మీద ఉందో ఆ పేరు, చెక్ఇన్ తేదీ జపనీస్‌లో ఉండాలి. లేకపోతే ర్యోకాన్‌వాళ్ళు అది ఎవరిదో తెలియక వెనక్కి పంపేయవచ్చు. మరుసటి రోజు అమగైకె మీదుగా చోజాబరుకి రెండు గంటల నడక. అక్కడి నుంచి కురొకవా వెళ్ళే క్యూషూని అడ్డంగా దాటే బస్సులు రోజుకి కొద్దిగానే ఉంటాయి, సీటు ముందే రిజర్వు చేసుకోవాలి. "బస్సు టికెట్లు కలిపి" అని డబ్బు తీసుకుని వీళ్ళిచ్చింది పాత సీజన్ టైంటేబుల్ ఫొటో ఒకటి.

ఇంకొకటి, మనసు బాగా కష్టపెట్టింది. కుమమొతొ నుంచి తూర్పు తీరంలోని త్సురుసాకి దాకా పోయే పాత రాజమార్గం బుంగొ కైదో. కుమమొతొ ప్రభువు కాతో కియోమసా వేయించాడు, తర్వాత ఆ ఊరిని ఏలిన హొసొకవా ప్రభువులు ఎదో (ఇప్పటి టోక్యో)కి పరివారంతో వెళ్ళింది దాని మీదే, 1864లో జపాన్ చరిత్రలో పేరున్న కత్సు కైషూ, సకమొతొ ర్యోమా నడిచింది కూడా. అసో పడమటి అంచున ఫుతయె కనుమ దగ్గర ఆనాటి రాతి పరుపు ఇప్పటికీ కిలోమీటరుకి పైగా మిగిలి ఉంది, నాచు పట్టి, వాన పడితే జర్రున జారుతుంది, కర్రలు ఉండాలి. "చారిత్రక నడక" అని అమ్మిన ఈ ప్యాకేజీ ఆ రాళ్ళ దారికి అంత దగ్గర్లోనే, లారీలు తిరిగే మిల్క్ రోడ్ అంచున నడిపించింది. ఫోన్ మ్యాపులో దారి చూపించే జీపీఎక్స్ ఫైలు గీసినవాళ్ళు అక్కడ ఒక్కసారైనా అడుగు పెట్టి ఉంటే ఇలా జరిగేది కాదు.

తొందరలో గుర్తొచ్చిన జాగ్రత్తలు ఇవి. ఎవరి దగ్గర కొన్నా, రోజువారీ బసల పేర్లు, రిజర్వేషన్ నంబర్లు, భోజనం ఉందా లేదా అన్నది రాతపూర్వకంగా తీసుకుని, మీరే నేరుగా ర్యోకాన్‌కి ఈమెయిల్ పెట్టి సరిచూసుకోండి. ఆ ఒక్క పని చాలా మోసాలని ఆపుతుంది. జపాన్‌లో ఏర్పాట్లు చేసే సంస్థ ట్రావెల్ ఏజెన్సీ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. హెచ్చరిక స్థాయి 2 అయితే ఏ దారి, 3 అయితే ఎంత వాపసు అన్నది కాంట్రాక్టులో ఉండాలి. ట్రాక్ చివరిసారి ఎప్పుడు నడిచి చూశారో అడగండి. దారి మొదట్లో ఉండే పెట్టెలో మీ నడక వివరాల కాగితం వేసి వెళ్ళండి.

డబ్బు వ్యక్తి పేరు మీదున్న యూపీఐకి పంపొద్దు, క్రెడిట్ కార్డుతో కంపెనీ ఖాతాకే కట్టండి. ప్యాకేజీ మీద టీసీఎస్ (అమ్మేవాళ్ళు మన దగ్గర తీసుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) వసూలు చేస్తే అది మీ పాన్ మీద ఆదాయపు పన్ను రికార్డులో కనిపించాలి, కనిపించకపోతే నిలదీయండి. ఇప్పటికే మోసపోయినవాళ్ళు ముందు కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి, దానికి గడువు ఉంటుంది. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, వాళ్ళ ఆఫీసున్న ఊరికి తిరగక్కర్లేదు. ర్యోకాన్ ఇచ్చిన కాగితం ఫొటో, బ్రోషర్, వాట్సాప్ సంభాషణ డిలీట్ చేయకండి. ఇదే ప్యాకేజీలో భోజనం డబ్బు పోయినవాళ్ళు కింద రాయండి, ఫిర్యాదు అందరం కలిసి వేద్దాం.