సీడ్‌లెస్ పుచ్చ నారు కొనేవాళ్ళు జాగ్రత్తండి, గింజల రకం మొక్కలు కలిపి ఇవ్వకపోతే కాయ నిలవదు

గోదావరి లంకల్లో పుచ్చ వేద్దామనుకుంటున్న అన్నలందరికీ చెప్తున్నానండి, సీడ్‌లెస్ నారు అని ట్రేల్లో అమ్ముతున్నారు, కొనే ముందు ఒక్క విషయం తేల్చుకోకుండా డబ్బులు కట్టకండి. మాది కోటిపల్లి వైపు లంకలో కౌలు చేను. అమ్మినాయన ట్రేలన్నీ ఒకే రకం ఇచ్చి "వేసుకోండి చాలు, కాయ దానంతటదే దిగుద్ది" అన్నాడు. తీగ బాగా పాకింది, పూత విరగబూసింది. ఆడపువ్వు కింద నూగుతో గోళీకాయంత పిందె ఉంటది కదా, అది రెండ్రోజులు పచ్చగా ఉండి పసుపెక్కి వడిలిపోయి ముట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చేసేది. చేనంతా ఇదే వరస. ఫోన్ చేస్తే బోరాన్ లోపం అని అదీ తన దగ్గరే కొనిపించాడు, ఇప్పుడు ఫోనే ఎత్తట్లేదు.

అసలు సంగతి గట్టు పక్క సాళ్ళు చూశాక అర్థమైందండి. పక్క చేనాయన మామూలు గింజల పుచ్చ వేశాడు, ఆ గట్టు వారనున్న మా సాళ్ళల్లో మాత్రం కాయలు నిలబడ్డాయి, లోపలికి పోయేకొద్దీ ఒక్కటీ లేదు. నేల అదే, నీళ్ళు అవే, మందులూ అవే, మరి తేడా అంతా తేనెటీగలు అటునుంచి మోసుకొచ్చిన పుప్పొడిదే.

మామూలు పుచ్చకి క్రోమోజోములు (కణంలో వంశ లక్షణాలు మోసేవి) 22. వాటిని 44 చేసిన తల్లి మొక్కని మళ్ళీ 22 ఉన్న రకంతో కలిపితే 33 ఉన్న మొక్క వస్తది, అదే సీడ్‌లెస్. ఒక్కో రకం క్రోమోజోము రెండుకి బదులు మూడేసి ఉంటే జతలు కుదరవు కాబట్టి గింజ కట్టదు, దాని మగపువ్వుల పుప్పొడీ పనికిరాదు, కానీ పిందె ఊరాలంటే మంచి పుప్పొడి తగలాల్సిందే. అందుకే రెండు మూడు సీడ్‌లెస్ మొక్కలకి ఒకటి చొప్పున గింజల రకం కలిపి వెయ్యాలి, రెండూ ఒకే టైముకి పూతకి రావాలి. ఇది అమ్మేవాడికి తెలియకపోవడం అనేది ఉండదు, నాకు అదే కడుపు మండుతుంది.

కాబట్టి గింజల రకం ట్రే విడిగా చూపించమనండి, చారలు వేరేగా ఉండే రకమైతే కోతప్పుడు కలిసిపోవు. బిల్లులో రకం పేరు, లాట్ నంబరు రాయించండి. బిల్లు ఇవ్వనన్నవాడి దగ్గర కొనద్దు. నష్టపోయినవాళ్ళు తీగలు పీకెయ్యకముందే ఉద్యానశాఖ ఆఫీసర్ని చేలోకి తీసుకొచ్చి రాయించుకోండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడే అని 2012లో సుప్రీంకోర్టు ఉమ్మడి ఆంధ్రా రైతుల కేసులోనే చెప్పింది, కేసు వెయ్యడానికి రెండేళ్ళ గడువు ఉంటది.

ఇప్పటికే వేసేసి పూత మీదున్నవాళ్ళు కంగారు పడకండి. పువ్వు పొద్దున్నే విచ్చుకుని ఆ రోజే ముడుచుకుపోద్ది, అందుకని ఎండెక్కకముందే ఎవరి చేలోనైనా గింజల పుచ్చ మగపువ్వులు అడిగి తెచ్చుకుని, రేకులు తీసేసి మీ ఆడపువ్వు మధ్యలో అన్నివైపులా మెల్లగా రాయండి. ఆ పూట మాత్రం మందు కొట్టకండి, తేనెటీగలు రావు.