ఒకే సబ్జెక్టు నాలుగు సెక్షన్లకా, నాలుగు వేర్వేరు సబ్జెక్టులా: పార్ట్‌టైమ్ లెక్చరర్‌కి ఏది మేలు?

సెమిస్టర్ మొదలయ్యే ముందు డిపార్ట్‌మెంట్ హెడ్ ఫోన్ చేసి "ఈసారి ఏం తీసుకుంటారు?" అని అడిగితే, పార్ట్‌టైమ్‌గా చెప్పేవాళ్లం చాలామంది "మీరేది ఇస్తే అది" అనేస్తాం. కాదంటే మళ్లీ పిలవరేమోనని భయం. నేను డిగ్రీ పిల్లలకు లెక్కలు, స్టాటిస్టిక్స్ చెబుతాను. ఒకే సబ్జెక్టు నాలుగు సెక్షన్లకూ చెప్పాను, ఒకే సెమిస్టర్లో నాలుగు సబ్జెక్టులూ మోశాను. అడిగిన వెంటనే ఒప్పుకోకుండా ముందు కాసేపు లెక్క వేసుకోమంటాను.

ఆ లెక్క ఇది. కొత్త సబ్జెక్టులో ఒక గంట క్లాసుకు నాకు మూడు గంటల ప్రిపరేషన్ పడుతుంది. వారానికి పన్నెండు క్లాసులు, సెక్షన్‌కి మూడు చొప్పున అనుకోండి. ఒకే సబ్జెక్టయితే మూడు పాఠాలు తయారు చేసుకుంటే చాలు, అంటే తొమ్మిది గంటలు. నాలుగూ వేర్వేరైతే పన్నెండు పాఠాలు, ముప్పై ఆరు గంటలు. క్లాసులతో కలిపితే ఒకచోట ఇరవై ఒకటి, మరోచోట నలభై ఎనిమిది. చేతికొచ్చేది మాత్రం రెండుచోట్లా ఆ పన్నెండు గంటల డబ్బే. ఇల్లు, ఇంకో ఉద్యోగం ఉన్నవాళ్లకు ఈ తేడా నిద్రలోంచే పోతుంది.

పాఠం బాగుపడేది కూడా మళ్లీ మళ్లీ చెప్పినప్పుడే. శాంపిల్ వేరియన్స్‌లో (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) విలువల సంఖ్య n బదులు n–1తో ఎందుకు భాగిస్తామని మొదటి సెక్షన్లో ఒకమ్మాయి అడిగింది. ఏదో చెప్పాను, ఆమె ముఖం చూస్తేనే అర్థం కాలేదని తెలిసింది. రెండో సెక్షన్లోనూ అంతే. మూడో సెక్షన్‌కి వచ్చేసరికి బోర్డు మీద 2, 4, 9 రాశాను. సగటు 5. సగటు నుంచి తేడాలు –3, –1. "మూడోది ఎంత?" అంటే 9 వైపు చూడకుండానే "4" అన్నారు. తేడాలన్నీ కలిపితే సున్నా రావాలి కాబట్టి మూడోదానికి స్వేచ్ఛ లేదు. స్వేచ్ఛగా మారగలిగేవి రెండే, అందుకే తేడాల వర్గాల మొత్తం 26ని 3తో కాదు, 2తో భాగిస్తాం. ఆ తర్వాత మొదటి సెక్షన్‌కి వెళ్లి, మళ్లీ మొదటి నుంచి చెప్పాను. వేర్వేరు సబ్జెక్టులైతే ఆ రెండో అవకాశం మళ్లీ ఆ సబ్జెక్టు దొరికినప్పుడే.

పేపర్లు దిద్దడమూ తేలికే. ఒకే ప్రశ్నకు అందరి జవాబులూ వరసగా చూస్తే మార్కుల్లో తేడా రాదు. అయితే ఒక సెక్షన్ పరీక్ష కాగానే ప్రశ్నలు ఇంకో సెక్షన్‌కి చేరిపోతాయి కాబట్టి సెట్లు మార్చాలి. నాలుగోసారి చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ వీళ్లకు చెప్పానా, పొద్దున వాళ్లకు చెప్పానా అని తికమక కూడా ఉంటుంది.

ఇక రెండో దారిని తక్కువ చేయను. అదే సంవత్సరం లీనియర్ ఆల్జీబ్రా చెబుతూ, n నిర్దేశాంకాల మొత్తం సున్నా అయ్యే వెక్టర్ల సబ్‌స్పేస్‌కి డైమెన్షన్ (అంటే స్వేచ్ఛగా ఎంచుకోగలిగే విలువల సంఖ్య) n–1 అని రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. స్టాటిస్టిక్స్‌లో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అని ఊదరగొట్టిందీ, 1908లో గాసెట్ అనే గణాంకవేత్త "స్టూడెంట్" అన్న మారుపేరుతో ప్రచురించిన వ్యాసం నుంచి పుట్టిన టీ-పరీక్షలో (చిన్న శాంపిల్ సగటును పరీక్షించే పద్ధతి) తగిలే n–1 కూడా ఇదే కదా! ఎన్నేళ్లు ఒక్క సబ్జెక్టే చెప్పినా నాకిది కనపడేది కాదు. కాలిక్యులస్‌లో ఉన్న కుర్రాడే తర్వాతి ఏడాది స్టాటిస్టిక్స్‌లో కూర్చుంటే, వాడు ఎక్కడ తడబడతాడో ముందే తెలిసుంటుంది. పిల్లలు చేరక ఒక సెక్షన్ ఎత్తేసినా, నాలుగు సబ్జెక్టులు చెప్పగలిగినవాళ్లకు ఇంకోటి దొరికే అవకాశం ఎక్కువ.

నా మాట అడిగితే, మొదటి రెండు సెమిస్టర్లు ఒకే సబ్జెక్టు పట్టుకోండి. ఆ తర్వాత రెండు సబ్జెక్టులు, ఒక్కోటి రెండు సెక్షన్లకు. అందులో కొత్తది ఒకటే ఉండాలి. ఇలా వెళ్తే మూడు నాలుగేళ్లలో చేతిలో అయిదారు సబ్జెక్టుల నోట్సు ఉంటుంది, ఆరోగ్యమూ ఉంటుంది. నాలుగూ కొత్తవే ఇస్తామంటే మాత్రం, డబ్బు ఎంత అవసరమైనా, కనీసం ఒకటి మార్చమని అడగండి. నేను అడిగాను, మార్చారు. తర్వాతి సెమిస్టర్‌కి పిలిచారు కూడా.

ఒప్పుకునే ముందు పాత ప్రశ్నపత్రాలు, ఇదివరకు చెప్పినవాళ్ల పాఠ్యప్రణాళిక ఇస్తారా అని అడగాలి. వచ్చే ఏడాది ఈ సబ్జెక్టు మళ్లీ నాకే ఇస్తారా అన్నది అంతకంటే ముఖ్యం. ఒక్కసారికే అయితే ఆ ముప్పై ఆరు గంటల్లో దానికి పోయే తొమ్మిది గంటలు నేను పెట్టను. మళ్లీ ఇస్తామంటే, సెలవుల్లోనే పుస్తకం తీస్తాను.