కరకట్టలా, ముందస్తు హెచ్చరికలా: నిధులు ముందుగా దేనికి?

విపత్తు ముప్పును తగ్గించడానికి కేటాయించే పరిమిత నిధులను ముందుగా కరకట్టలు, సముద్రపు గోడల వంటి నిర్మాణాలకు ఇవ్వాలా, లేక హెచ్చరిక వ్యవస్థకూ స్థానిక ప్రజల సన్నద్ధతకూ ఇవ్వాలా? 2015లో జపాన్‌లోని సెండాయ్ నగరంలో ప్రపంచ దేశాలు ఆమోదించిన కార్యాచరణ చట్రం రెండింటినీ కోరుతుంది. ఏది ముందో తేల్చుకునే భారం మాత్రం ఆయా ప్రభుత్వాలదే.

నిర్మాణాల పక్షాన గట్టి సాక్ష్యం నెదర్లాండ్స్. 1953 నాటి ఉప్పెనలో 1,800 మందికి పైగా మరణించాక ఆ దేశం దశాబ్దాల పాటు ఆనకట్టలు, అడ్డుగోడలు కట్టుకుంది. నేలలో సుమారు నాలుగో వంతు సముద్రమట్టానికి దిగువన ఉన్న దేశానికి అది తప్పనిసరి. అయితే కట్ట వెనుక నేలకు ఢోకా లేదన్న నమ్మకంతో అక్కడ ఇళ్లూ పరిశ్రమలూ పెరుగుతాయి కనుక, అంచనాకు మించిన వరద వచ్చిన రోజున నష్టం కట్ట లేని కాలంలోకన్నా ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. జపాన్‌లోని తారోలో సుమారు 10 మీటర్ల ఎత్తైన గోడలను 2011 మార్చి 11 నాటి సునామీ దాటి ఊరిని ముంచేసింది. అదే రోజున జపాన్‌లోనే కమైషి పట్టణంలో, పాఠశాలలో నేర్చుకున్న ప్రకారం ఎవరి ఆదేశం కోసమూ ఆగకుండా ఎత్తైన చోటికి పరుగెత్తిన పిల్లలు దాదాపు అందరూ బతికారు.

హెచ్చరిక విలువ బంగ్లాదేశ్‌లో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1970 తుపానులో కనీసం 3 లక్షల మంది మరణించిన ఆ తీరంలో 1972 నుంచి హెచ్చరికలను ఇంటింటికీ చేరవేసే వాలంటీర్ల వ్యవస్థ పనిచేస్తోంది. 2007 నాటి తీవ్రమైన సిడ్ర్ తుపానులో మృతుల సంఖ్య వేలకు పరిమితమైంది. ఆ వేల ప్రాణాలూ చిన్న విషయం కాదు. పైగా 1991 తుపానులో పురుషులకన్నా స్త్రీలు చాలా ఎక్కువగా మరణించారు. హెచ్చరిక చెవిన పడినా, పిల్లలనూ ఇంటినీ వదిలి కదలలేకపోవడం, కిక్కిరిసిన షెల్టర్లలో తమకు వేరుగా చోటు లేకపోవడం వారిని ఇంట్లోనే ఆపేశాయి. మహిళా వాలంటీర్లను పెద్ద సంఖ్యలో చేర్చుకోవడం అందుకే సరైన దిద్దుబాటు. ఒక ఇంటి ఆడవాళ్లు బయలుదేరనంతవరకూ ఆ ఇంటికి హెచ్చరిక అందినట్టు లెక్కించకూడదని నా దృఢమైన అభిప్రాయం.

భూకంపం విషయంలో హెచ్చరికే ముందన్న వాదన నిలవదు, ఎందుకంటే అక్కడ దొరికే వ్యవధి సాధారణంగా కొన్ని సెకన్లు, మహా అయితే నిమిషం అటూ ఇటూ. 2010 జనవరిలో 7.0 తీవ్రతతో వచ్చిన భూకంపం హైతీలో లక్షకు పైగా ప్రాణాలు తీసింది. మరుసటి నెలలో 8.8 తీవ్రతతో కంపించిన చిలీలో మృతులు కొన్ని వందలు. హైతీ భూకంప కేంద్రం రాజధానికి చాలా దగ్గరగా ఉన్నమాట నిజమే అయినా, చిలీ కఠినంగా అమలు చేసిన భవన నిబంధనల పాత్ర కాదనలేనిది.

కాబట్టి గంటల వ్యవధి దొరికే తుపాను, వరద, దూరపు సునామీలకు ముందుగా హెచ్చరికకూ షెల్టర్లకూ, భూకంపానికి ముందుగా భవనాల పటిష్ఠతకూ నిధులివ్వడమే మేలు. హెచ్చరిక ఇంటినీ పంటనూ కాపాడలేదు గనుక కరకట్టల అవసరం తీరిపోదు. అవి రెండో విడతలో రావాలి. నిర్మాణానికి ఒకసారి నిధులిస్తే పని కనబడుతుంది, వాలంటీర్ల శిక్షణకూ కసరత్తులకూ మాత్రం ఏటా ఇవ్వాలి. పొదుపు పేరుతో ముందుగా కోతపడేది ఆ పద్దుకే కాబట్టి, దానికి బడ్జెట్‌లో విడిగా, మళ్లించడానికి వీల్లేని కేటాయింపు ఉండాలి.